1956లో వెళ్లిపోయిన మేఘనాద్ సాహా: సమీకరణం మిగిలింది, ప్రశ్నలు మరుగునపడ్డాయి

1956 అనగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది నవంబర్ 1. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. కొందరికి కల నెరవేరిన రోజు, ఇంకొందరికి అనుమానాలతో మొదలైన రోజు. దేశం మొత్తానికి ఆ ఏడాది అంటే డిసెంబర్ 6. ఢిల్లీలో బాబాసాహెబ్ అంబేడ్కర్ కన్నుమూసిన రోజు. ఇప్పటికీ ఏటా ఆ రోజున లక్షల మంది ముంబయిలోని చైత్యభూమికి చేరుకుంటారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో పన్నెండు రోజుల్లో దేశం మరో ముగ్గురిని పోగొట్టుకుంది. 16న భౌతిక శాస్త్రవేత్త, లోక్‌సభ సభ్యుడు మేఘనాద్ సాహా. 19న సోషలిస్టు నాయకుడు ఆచార్య నరేంద్ర దేవ్. 27న లోక్‌సభ తొలి స్పీకర్ గణేశ్ వాసుదేవ్ మావలంకర్. ముగ్గురిలో సాహా పేరు కాలేజీ భౌతికశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే అక్కడ కనిపించేది ఒక సమీకరణం పక్కన ఉన్న పేరు మాత్రమే. ఆ పేరు వెనకున్న మనిషి వరదల గురించి, కరెంటు గురించి, అణుశక్తి గురించి, పంచాంగం గురించి ముప్పై ఏళ్లపాటు అడిగిన ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు.

అంబేడ్కర్, సాహా జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని పోలికలు కనిపిస్తాయి. ఒకరు 1891లో పుట్టారు, ఇంకొకరు 1893లో. ఇద్దరినీ చదువే పైకి తెచ్చింది, ఇద్దరికీ చదువుకునే చోటే కులం ఎదురైంది. 1956 నాటికి ఇద్దరూ పార్లమెంటులో ఉన్నారు, ఇద్దరూ కాంగ్రెస్‌కు బయటే ఉన్నారు. అంబేడ్కర్‌ను ఆయన ప్రజలు మరిచిపోలేదు. సాహాను గుర్తుపెట్టుకునే బాధ్యత మాత్రం ప్రయోగశాలల మీద పడింది. అవి ఆయన లెక్కను దాచుకున్నాయి.

అయిదు రూపాయల చదువు

సాహా పుట్టిన ఊరు శేవడాతలి, ఢాకాకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో భాగం. తండ్రి జగన్నాథ్‌ది ఊళ్లో చిన్న కిరాణా కొట్టు. ఎనిమిది మంది పిల్లల్లో ఆయన అయిదోవాడు. 1893 అక్టోబర్ 6న గాలివానలో పుట్టాడని మేఘనాథ్ అని పేరు పెట్టారని చెబుతారు. తర్వాత ఆయనే దాన్ని మేఘనాద్‌గా మార్చుకున్నారు. అంటే రావణుడి కొడుకు ఇంద్రజిత్తు పేరు. మైకేల్ మధుసూదన్ దత్ 1861లో రాసిన మేఘనాద్ వధ కావ్యంలో ఆ ఇంద్రజిత్తే వీరుడు. బెంగాల్‌లో పెరిగిన కుర్రాడు ఆ పేరు ఎంచుకోవడంలో అర్థం ఉంది.

ఊళ్లో ఉన్నది ప్రాథమిక పాఠశాల ఒక్కటే. ఆపై చదువు కొట్లో కూర్చునే పిల్లాడికి ఎందుకన్నది ఇంట్లోవాళ్ల లెక్క. పది కిలోమీటర్ల దూరంలోని శిములియాలో ఉన్న మిడిల్ స్కూల్లో చేర్చాలంటే వసతి ఎవరివ్వాలి? అక్కడి వైద్యుడు అనంత కుమార్ దాస్ ముందుకొచ్చి తన ఇంట్లో ఉచితంగా ఉండనిచ్చారు. బదులుగా తన ఎంగిలి కంచం తానే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. ఆశ్రయమిచ్చిన ఇంట్లోనూ కులం నియమం నియమమే. సాహాలను అప్పటి బెంగాలీ సమాజం కింది మెట్టున పెట్టింది. అంబేడ్కర్ అనుభవించిన అంటరానితనంతో దీన్ని సమానం చేయలేం. కానీ ఏ గడప ఎంతవరకు దాటాలో ఆ పిల్లవాడికి చిన్నప్పుడే తెలిసింది.

జిల్లా మొత్తానికి మొదటి స్థానంలో నిలిచి నెలకు నాలుగు రూపాయల స్కాలర్‌షిప్ సంపాదించాడు. జనపనార మిల్లులో ఇరవై రూపాయల జీతానికి పనిచేసే అన్న జయనాథ్ నెలనెలా అయిదు రూపాయలు పంపేవాడు. ఆ డబ్బుతో 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరాడు. అది బెంగాల్ విభజన జరిగిన ఏడాది. గవర్నర్ బాంఫీల్డ్ ఫుల్లర్ బడికి వచ్చినప్పుడు విద్యార్థులు నిరసన తెలిపారు. ఆ నిరసనలో ఉన్నందుకు సాహాను బడినుంచి తీసేశారు, స్కాలర్‌షిప్ కూడా పోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూలు చేర్చుకోబట్టి చదువు ఆగలేదు. 1909 ప్రవేశ పరీక్షలో తూర్పు బెంగాల్ మొత్తంలో ఆయనే మొదటివాడు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ పాఠాలు చెప్పేవారు. సత్యేంద్రనాథ్ బోస్ సహవిద్యార్థి, ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఒక ఏడాది ముందు. చదువుకు అంతకంటే మంచి చోటు లేదు. ఈడెన్ హిందూ హాస్టల్లో మాత్రం కొందరు అగ్రకుల విద్యార్థులు ఆయనతో కలిసి భోజనానికి కూర్చోలేదు. సరస్వతీ పూజ దగ్గర పక్కకు నెట్టారు. చదువుల తల్లి పూజకు పనికిరాడని నెట్టేసిన విద్యార్థి ఎమ్మెస్సీలో రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం సత్యేంద్రనాథ్ బోస్‌ది.

ఆయన మొదట కోరుకున్నది ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం. ఇల్లు గడవాలంటే స్థిరమైన జీతం కావాలి. విప్లవకారులతో పరిచయాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం పరీక్ష రాయనివ్వలేదు. 1916లో అశుతోష్ ముఖర్జీ పిలిచి కలకత్తా యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో అధ్యాపక పని ఇచ్చారు. ఆ విధంగా ఒక గుమాస్తా తప్పి ఒక శాస్త్రవేత్త మిగిలాడు.

నక్షత్రాలను చదివే లెక్క

నక్షత్రం నుంచి వచ్చే కాంతిని పట్టకం గుండా పంపితే రంగులు విడిపోతాయి. ఆ రంగుల పట్టీ మీద అక్కడక్కడ నల్లటి గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి, మనిషి వేలిముద్రల్లాగా. హార్వర్డ్ అబ్జర్వేటరీవాళ్లు లక్షల నక్షత్రాల గీతలను చూసి వాటిని తరగతులుగా విడగొట్టారు. కానీ ఒక నక్షత్రంలో కాల్షియం గీతలు, మరోదానిలో హైడ్రోజన్ గీతలు ఎందుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయో ఎవరికీ అంతుపట్టలేదు. నక్షత్రాలు వేర్వేరు పదార్థాలతో తయారయ్యాయా?

1920లో సాహా దానికి జవాబు చెప్పారు. తేడా ప్రధానంగా పదార్థంలో లేదు, వేడిలో ఉంది. వేడి పెరిగేకొద్దీ పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. అలా పోగొట్టుకున్న పరమాణువు గీతలు మారిపోతాయి. పీడనం తక్కువగా ఉంటే, విడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ పరమాణువును చేరుకోవడం కష్టం. కాబట్టి ఎంత వేడిలో, ఎంత పీడనంలో, ఎంత భాగం పరమాణువులు అలా విడిపోతాయో లెక్కగట్టవచ్చు. రసాయన సమతుల్యత గురించి తెలిసిన సూత్రాన్ని నక్షత్రాలకు వర్తింపజేసి ఆయన కట్టిన లెక్కే సాహా సమీకరణం. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. అంతవరకు చిత్రాల్లా పోగుచేసిన నక్షత్ర వర్ణపటాలు ఒక్కసారిగా ఉష్ణమాపకాలుగా మారాయి. 1925లో సెసీలియా పేన్ ఈ సమీకరణం ఆధారంగానే నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియం అని తేల్చారు.

ఈ పనికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. కాంతి పీడనం మీద సాహా రాసిన ఒక వ్యాసాన్ని 1917లో అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపారు. అచ్చు ఖర్చులో కొంత రచయిత భరించాలని అక్కడివాళ్లు అడిగారు. అంత డబ్బు ఆయన దగ్గర లేదు. పూర్తి వ్యాసం అచ్చుకు నోచుకోలేదు. పరిశోధన తెలివితేటల మీద మాత్రమే నడవదని ఆయనకు తెలియజెప్పిన అనుభవమిది. తర్వాతి కాలంలో సంస్థలు కట్టడం మీద అంత పట్టుదల చూపడానికి బీజం ఇక్కడ కనిపిస్తుంది.

సత్యేంద్రనాథ్ బోస్‌తో కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను జర్మన్ నుంచి ఇంగ్లీషులోకి అనువదించిందీ ఆ రోజుల్లోనే. కలకత్తా విశ్వవిద్యాలయం వాటిని 1920లో పుస్తకంగా వేసింది. లండన్, బెర్లిన్‌లలో పనిచేసి వచ్చాక, 1923 నుంచి 1938 వరకు అలహాబాద్‌లో ఉన్నారు. 1927లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1930 మొదలు పలుమార్లు నోబెల్‌కు పేరు వెళ్లింది, బహుమతి రాలేదు.

నది దగ్గర మొదలైన రాజకీయం

సాహా చిన్నప్పటి ఊళ్లు వానాకాలంలో నీళ్ల మధ్య దీవుల్లా ఉండేవి. 1913లో దామోదర్ నదికి వరద వచ్చినప్పుడు విద్యార్థిగా సహాయ పనులకు వెళ్లారు. 1922లో ఉత్తర బెంగాల్ వరదల్లో ప్రఫుల్ల చంద్ర రాయ్ నడిపిన సహాయ సంఘంలో పనిచేశారు. బియ్యం, బట్టలు పంచడంతో ఆయన సరిపెట్టుకోలేదు. రైలు కట్టలు, గట్లు నీటి దారిని ఎలా అడ్డుకుంటున్నాయో పరిశీలించి రాశారు. నదిని కొలిచి, నమూనాలు కట్టి పరీక్షించే ప్రయోగశాలలు దేశంలో ఉండాలని వాదించారు. 1935లో మిత్రులతో కలిసి సైన్స్ అండ్ కల్చర్ అనే పత్రిక మొదలుపెట్టి, అందులో నదుల గురించి, విద్యుత్తు గురించి, పరిశ్రమల గురించి ఆపకుండా రాశారు.

రాట్నం, గ్రామ పరిశ్రమలు పేదరికాన్ని పోగొడతాయన్న గాంధీవాద ఆర్థిక ఆలోచనను ఆయన ఒప్పుకోలేదు. కరువు, వరద, అంధకారం ఉన్న పల్లెలో పుట్టినవాడిగా, ఆ పల్లెను అలాగే ఉంచడంలో ఆయనకు గొప్పతనం కనబడలేదు. 1938లో సుభాష్ చంద్ర బోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగా జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. దాని వెనక సాహా ఒత్తిడి ఉంది. అధ్యక్షుడిగా మొదట మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు రక్షణ పథకం ఇచ్చిన ఇంజనీరుగా ఆయన తెలుగువారికి బాగా తెలిసినవారే. రాజకీయ బలమున్న నాయకుడు ముందుంటేనే ప్రణాళిక కాగితం దాటుతుందని సాహా వాదించారు. విశ్వేశ్వరయ్య తప్పుకోగా నెహ్రూ అధ్యక్షుడయ్యారు.

1943లో దామోదర్ మళ్లీ గట్లు తెంచుకుంది. యుద్ధం నడుస్తోంది, బెంగాల్‌లో కరువు మొదలైంది, కలకత్తాకు వచ్చే రైలు దారులు తెగిపోయాయి. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీలో సాహా సభ్యుడు. అమెరికాలోని టెనెసీ లోయలో చేసినట్టు వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు మూడింటినీ కలిపి నది మొత్తానికి ఒకే సంస్థ ఉండాలన్న ఆలోచనను ఆయన బలంగా ముందుకు తెచ్చారు. అప్పుడు ఢిల్లీలో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు అంబేడ్కర్. ఆ పథకాన్ని ప్రభుత్వం వైపు నుంచి నడిపించి, 1945లో రాష్ట్రాల ప్రతినిధులను కూర్చోబెట్టి మాట్లాడించింది ఆయనే. చదువు కోసం అవమానాలు దిగమింగిన ఇద్దరు మనుషులు, ఒకరు ప్రభుత్వంలో, ఒకరు బయట, ఒకే నది గురించి తలపట్టుకున్నారు. 1948లో దామోదర్ లోయ సంస్థ ఏర్పడింది.

ఈ కథను ఇక్కడితో ముగిస్తే సగమే చెప్పినట్టు. ఎనిమిది ఆనకట్టలు అనుకున్నచోట ఆ సంస్థ కట్టినవి నాలుగు: తిలయా, కోనార్, మైథాన్, పంచేత్. కరెంటు వచ్చింది, పరిశ్రమలు వచ్చాయి. వరదలు మాత్రం పూర్తిగా ఆగలేదు, 1978లో దిగువ ప్రాంతం మళ్లీ మునిగింది. జలాశయాల కింద ఊళ్లు పోయినవారిలో సంతాల్ ఆదివాసీలు ఎందరో ఉన్నారు. పెద్ద ఆనకట్ట పేదవాడికి మేలు చేస్తుందన్న సాహా నమ్మకంలో, ఆ ఆనకట్ట కోసం ఊరు వదిలే పేదవాడికి తగినంత చోటు దొరకలేదు. ఆయన తరం మొత్తానికీ ఉన్న లోపమిది. ఆయన వారసత్వంలో ఇదీ భాగమే.

పార్లమెంటులో శాస్త్రవేత్త

1947 విభజనతో సాహా పుట్టిన ఊరు పరాయి దేశంలోకి వెళ్లింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల సహాయ పనుల్లో ఆయన మునిగిపోయారు. 1951-52 ఎన్నికల్లో వామపక్షాల మద్దతుతో కలకత్తా వాయవ్య స్థానం నుంచి నిలబడి కాంగ్రెస్‌పై గెలిచారు. అదే ఎన్నికల్లో అంబేడ్కర్ బొంబాయిలో ఓడిపోయి, రాజ్యసభ ద్వారా పార్లమెంటుకు వచ్చారు.

నెహ్రూను ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడిని చేయాలని పట్టుబట్టిన సాహాయే లోక్‌సభలో నెహ్రూ ప్రభుత్వాన్ని అడగరాని ప్రశ్నలు అడిగారు. పెద్ద పరిశ్రమలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి? కాందిశీకుల పునరావాసం ఎందుకు సాగడం లేదు? అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన ప్రశ్న అణుశక్తి గురించి. దేశంలో అణు భౌతికశాస్త్రాన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టిన తొలివారిలో ఆయన ఒకరు. కలకత్తాలో సైక్లోట్రాన్ కట్టించే పని చేపట్టారు. ఆయన స్థాపించిన అణు భౌతికశాస్త్ర సంస్థను 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. కానీ 1948లో ఏర్పడిన అణుశక్తి సంఘం పగ్గాలు హోమీ భాభా చేతికి వెళ్లాయి. కేంద్రం కలకత్తా నుంచి బొంబాయికి మారింది.

సాహా అభ్యంతరాన్ని కేవలం ఇద్దరు శాస్త్రవేత్తల పోటీగా చూసేవారున్నారు. పోటీ లేదని అనలేం. కానీ వాదంలో విషయం ఉంది. ముందు విశ్వవిద్యాలయాల్లో మనుషులను తయారుచేసి, పరిశ్రమ పునాది వేసుకున్నాకే సంఘం పెట్టాలని ఆయన అన్నారు. ప్రజల డబ్బుతో నడిచే శాస్త్రం మీద రహస్యం అనే తెర ఎందుకని అడిగారు. 1954 మే 10న అణుశక్తిని శాంతియుత అవసరాలకు వాడుకోవడంపై లోక్‌సభలో చర్చ మొదలుపెట్టింది ఆయనే.

సంక్రాంతి ఎప్పుడు?

తెలుగు ఇళ్లకు సాహా అత్యంత దగ్గరగా వచ్చింది పంచాంగం ద్వారా. కొత్త విజ్ఞానమంతా వేదాల్లో ముందే ఉందన్న వాదన ఆయనకు చాలాసార్లు ఎదురైంది. కన్యాశుల్కం చదివిన తెలుగువారికి ఆ వాదన కొత్త కాదు. ఆయన దాన్ని నవ్వి వదిలేయలేదు. ప్రాచీన ఖగోళ గ్రంథాలు తెచ్చుకుని చదివారు. మన పూర్వులు ఎంత బాగా లెక్కగట్టారో, ఎక్కడ ఆగిపోయారో రెండూ చెప్పగల స్థితికి వచ్చారు.

1952లో ప్రభుత్వం పంచాంగ సంస్కరణ కమిటీ వేసి ఆయనను అధ్యక్షుడిని చేసింది. దేశంలో అప్పటికి సుమారు ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నాయి. వాటన్నిటిలో ఉమ్మడి ఇబ్బంది ఒకటుంది. సంప్రదాయ లెక్కలోని సంవత్సరం, రుతువులను నడిపే అసలు సంవత్సరం కంటే సుమారు 24 నిమిషాలు ఎక్కువ. అంటే దాదాపు అరవై ఏళ్లకు ఒక రోజు తేడా. పద్నాలుగు వందల ఏళ్లలో అది 23 రోజులైంది. సూర్యుడు ఉత్తరం వైపు తిరగడం డిసెంబర్ 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. మనం ఉత్తరాయణ పుణ్యకాలమని జరుపుకునే మకర సంక్రాంతి జనవరి 14న వస్తుంది.

కమిటీ 1955లో నివేదిక ఇచ్చింది. శక సంవత్సరం ఆధారంగా, చైత్రం మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న మొదలయ్యేలా ఒకే జాతీయ క్యాలెండర్ రూపొందించింది. పండుగల విషయంలో మాత్రం పాత లెక్కతో రాజీపడింది. 1957 మార్చి 22, అంటే 1879 చైత్రం 1 నుంచి ప్రభుత్వం దాన్ని అమల్లోకి తెచ్చింది. గెజిట్‌లో, ఆకాశవాణిలో ఆ తేదీ చేరింది. ప్రజల గోడల మీదకు మాత్రం చేరలేదు. ఫలానా పండుగ ఈ రోజా, రేపా అని ఏటా పండితులు టీవీల్లో వాదించుకుంటూనే ఉన్నారు.

మధ్యలో ఆగిన నడక

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ ప్రాంగణంలోని ప్రణాళికా సంఘం కార్యాలయానికి కాగితాలు పట్టుకుని వెళుతూ సాహా దారిలోనే కుప్పకూలారు. గుండెపోటు. వయసు 62. ఆరు వారాలకు, ఏప్రిల్ 1న, భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. దాని రూపకర్త ఆయన కాలేజీ నాటి మహలనోబిస్. ఆగస్టు 4న ట్రాంబేలో తొలి అణు రియాక్టర్ అప్సర పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది జాతీయ క్యాలెండర్ వచ్చింది, మైథాన్ ఆనకట్ట పూర్తయింది. ఆయన కోరుకున్నవి కొన్ని, ఆయన వాదించి ఓడినవి కొన్ని, అన్నీ ఆయన లేకుండానే జరిగాయి. కలకత్తాలోని ఆయన సంస్థకు ఆయన పేరు పెట్టారు.

నక్షత్రాలకు ఆయన చెప్పిన జవాబుకు వందేళ్లు దాటినా ఢోకా లేదు. భూమి మీద అడిగిన ప్రశ్నలు అలా కావు, అవి ఎవరో ఒకరు మళ్లీ అడిగితేనే బతుకుతాయి. 1962లో వచ్చిన అణుశక్తి చట్టం కూడా గోప్యతను కొనసాగించింది. తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు యురేనియం శుద్ధి వ్యర్థాలతో బోరు నీళ్లు పాడవుతున్నాయని ఫిర్యాదు చేసినప్పుడు, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసినప్పుడు, చర్చకు కావాల్సిన సమాచారం ఎంత బయటికి వచ్చిందన్నది అసలు విషయం. సాహా లోక్‌సభలో అడిగిందీ అదే. ఆ మాట అడగడానికి ఆయనకు రెండు అర్హతలున్నాయి: విషయం తెలుసు, ఓట్లు వేసి పంపిన జనానికి జవాబు చెప్పాలని తెలుసు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్న సభ్యుడు ఆ తర్వాత లోక్‌సభకు అరుదుగానే దొరికాడు.